వినకుండా మాట్లాడే రేడియో: తొర్రూరు తమ్ముళ్లకు సలహాలు

తొర్రూరు బస్టాండు ముందర నిలబడి హామ్ రేడియో అంటే ఏందని అడుగు. ఒకాయన పోలీసోళ్ల సెట్టు అంటాడు. ఇంకొకాయన ఎఫ్‌ఎం అంటాడు. మూడో ఆయన ఏమీ అనకుండా మా ఇంటి దిక్కు వేలు చూపిస్తాడు. మిద్దె మీద తీగలు అట్లా వేలాడుతుంటాయి మరి. సొంత సెట్టుతో, సరదా కోసం దూరాలవాళ్లతో మాట్లాడే విద్య ఇది. ఆ వేలు చూపించుకున్న అర్హతతోనే ఇవి రాస్తున్నాను. వీడియో చూసి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కొనుక్కొని, వచ్చే ఆదివారానికల్లా అమెరికావాడితో మాట్లాడాలని కూర్చున్న తమ్ముళ్ల కోసం ఇవి. తు.చ. తప్పకుండా పాటించు తమ్మీ. ఫలితానికి పూచీ నాది.

వినకు

ఇది మిగతా సలహాలన్నిటికీ తల్లి.

ఈ విద్యలో పెద్దలనిపించుకున్నవాళ్లంతా ముందు రిసీవర్ కట్టుకో, కొన్నాళ్లు ఊరికే విను అంటారు. పొద్దున్నే లేచి 7 మెగాహెర్ట్జ్, అంటే 40 మీటర్ల బ్యాండు పెడితే హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు దిక్కువాళ్లు మంచీచెడ్డా మాట్లాడుకుంటూ దొరుకుతారట. ఎవరు ఎక్కడ ఆగుతారు, కొత్తవాడు మధ్యలో ఎట్లా దూరాలి, పేరును అక్షరం అక్షరం విడదీసి ఎట్లా చెప్పాలి, అన్నీ చెవిన పడతాయట. మనకెందుకు? పెళ్లిలో మైకు చేతికొచ్చినవాడు ముందు అందరి మాటలూ విని, ఆ తర్వాత నోరు తెరవడం తొర్రూరులో ఎప్పుడైనా చూశావా?

వినడం మానేస్తే ఆకాశం సంగతి కూడా పట్టించుకోనక్కర్లేదు. పగటిపూట ఎండకు అయనోవరణం అడుగున ఒక పొర ఏర్పడి తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. పొద్దుగూకాక అది పలచబడి పోతుంది. అందుకే 3.5 మెగాహెర్ట్జ్ రాత్రిపూట లేస్తుంది. 14 మెగాహెర్ట్జ్ పగలు దూరదేశాలకు పోయి, చాలా రాత్రుళ్లు మూగబోతుంది. నువ్వు దీన్ని తిరగేసుకో. మిట్టమధ్యాహ్నం 3.5లో సింగపూర్‌ను పిలువు. అర్ధరాత్రి 14లో లండన్‌ను పిలువు. జవాబు రాకపోతే వాళ్లకు పొగరు అనుకో.

ఇంకో సంగతి. బావుల కాడి మోటార్ స్టార్టర్లు, వీధి ఎల్‌ఈడీ బల్బులు, ఇంట్లో ఫోను చార్జర్లు కలిసి బ్యాండు నిండా గరగర పోస్తాయి. ఊరంతా కరెంటు పోయినప్పుడు సెట్టును బ్యాటరీ మీద పెడితే ఆ గరగర ఒక్కసారిగా తెగి, దాని కింద అణగిపోయిన సన్నటి గొంతులు పైకి తేలుతాయి. ఆ అరగంట కోసం కాచుకొని కూర్చునే పిచ్చోళ్లు ఉన్నారు. నువ్వు మాత్రం విసనకర్ర తీసుకుని వాకిట్లో మంచం వేసుకో.

కాగితాల జోలికి పోకు

కేంద్ర టెలికం శాఖ కింద డబ్ల్యూపీసీ అనే విభాగం ఉంది. 12 ఏళ్లు నిండితే చాలు, పరీక్షకు కూర్చోనిస్తుంది. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు. జనరల్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కూడా రావాలి. పాసై, పోలీసు విచారణ అయ్యాక గాలిలో నీ పేరనదగ్గ, వీయూ3తోనో వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ చేతికొస్తుంది. కొత్తవాళ్లకు నేర్పడానికి హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచీ ఉంది. ఇంత చుట్టు తిరగడం దేనికి? కాల్‌సైన్ నువ్వే పెట్టుకో. పెద్దవాళ్లదైతే ఇంకా మర్యాద. రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ ఉండేది. ఆయన వచ్చి అడగడు కదా. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తుందో పసిగట్టే సర్కారు మానిటరింగ్ స్టేషన్లు ఉన్న మాట నిజమే. వాళ్లు తొర్రూరు దాకా బస్సెక్కి వస్తారా అని నీకు నువ్వే ధైర్యం చెప్పుకో.

మన దిక్కున వైర్‌లెస్ సెట్టుకు వేరే చరిత్ర కూడా ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎనభైలు, తొంభైలలో ఆ సెట్టు పోలీసుల చేతిలో ఉండాలి, లేకపోతే నక్సలైట్ అన్నల దగ్గర ఉండాలి. మూడో మనిషికి దానితో ఏం పని? ఆ రోజులు చూసిన తాతలు ఇంకా అరుగుల మీద ఉన్నారు. నీ మిద్దె మీద తీగ చూసి ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

"ఏంది బిడ్డా గిది? ఎవనితోని మాట్లాడుతవు గా తీగ వెట్టి?"

"నీకు చెప్పినా సమజ్ గాదు తాతా" అను. అనుమానం ఊరంతా పాకడానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. లైసెన్సు కాగితం చూపించి, ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని, విజయవాడ మనిషి గొంతు వినిపిస్తే మాత్రం వ్యవహారం చప్పబడిపోతుంది. రేపటి నుంచి ఆయనే నీకు కావలి. అప్పుడు నీ దాపరికానికి విలువేముంది?

హైదరాబాద్ సెట్టును దగ్గరికి రానీయకు

ఇక ఏం కట్టాలన్న ప్రశ్న. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లను దారి తప్పించే ప్రమాదం హైదరాబాద్‌లోనే పుట్టింది.

అష్హర్ ఫర్హాన్ అని ఒకాయన ఉన్నారు, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్‌ను నెలకొల్పినవాళ్లలో ఒకరు. ఏడాదికోసారి అక్కడ రేడియోవాళ్లు కూడే సభ కూడా జరుగుతుంది. ఆయన 2003లో బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్‌ను బయటపెట్టారు. 14 మెగాహెర్ట్జ్‌లో సుమారు 6 వాట్లతో మాట్లాడే సెట్టు. దిగుమతి సామాను కోసం ఎదురుచూడకుండా దుకాణంలో దొరికేదానితో కట్టుకోవాలన్నది ఆయన పట్టు. మామూలు ట్రాన్సిస్టర్లు, టీవీ యాంటెన్నాకు వాడే బాలన్ కోర్లు, కాయిల్ చుట్టుకోవడానికి నల్లాలో వేసే వాషర్. కడపటి పవర్ స్టేజీలో ఐఆర్ఎఫ్510. అసలు అది స్విచ్‌లా పనిచేయడానికి పుట్టిన మాస్‌ఫెట్, దానితో రేడియో పలికించారు. డిజైన్ దాచుకోలేదు. ఎవరైనా కట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రపంచమంతా కట్టుకున్నారు. 2016లో 40 మీటర్లకు బిట్‌ఎక్స్40 అనే తయారు బోర్డు వచ్చింది. వాటి కాయిళ్లు హైదరాబాద్‌లో ఆడవాళ్ల బృందం చేతులతో చుట్టేది. తర్వాత అన్ని హెచ్ఎఫ్ బ్యాండ్లకూ మైక్రోబిట్‌ఎక్స్ వచ్చింది.

ఇంతదాకా బాగానే ఉంది. అసలు చిక్కు లోపల ఉంది. ఆ సర్క్యూట్‌లో ఆంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి. వినేటప్పుడు సిగ్నల్ ఏ మిక్సర్లు, ఏ క్రిస్టల్ ఫిల్టర్ దాటి లోపలికి వస్తుందో, మాట్లాడేటప్పుడు నీ గొంతు వాటిలోంచే ఎదురు నడిచి బయటికి పోతుంది. కాబట్టి సెట్టు చక్కగా వింటోందంటే మాట్లాడే పని చాలావరకు అయిపోయినట్టే. వినకుండా ఈ సెట్టును ముందుకు తీసుకుపోలేవు. మన మొదటి సూత్రానికే గండి! దీన్ని దగ్గరికి రానీయకు.

పైగా దీన్ని కట్టినవాళ్లు ఒక్కో స్టేజీ అతికించి, మీటరు పెట్టి, వోల్టేజీ సరిగా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత పక్క స్టేజీకి పోతారు. ఓపిక ఉన్నవాళ్ల వ్యవహారం అది. నువ్వు వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్‌తో మొదలుపెట్టు. సామానంతా ఒకే రాత్రి అతికించు. మీటరు బాక్సులోనే ఉండనీ. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా ఒక్కసారే స్విచ్ వెయ్యి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు ప్లస్సూ మైనస్సూ తారుమారైతే దానంతట అదే చప్పుడు చేసి చెప్తుంది. అందర్నీ లేపుతుంది కూడా.

సామాను

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. క్రిస్టళ్లు కొనేటప్పుడు ఒక పిడికెడు తెచ్చి, ఆసిలేటర్‌లో ఒక్కొక్కటే పెట్టి కొలిచి, దగ్గర దగ్గరగా పలికేవాటిని ఏరి ఫిల్టర్‌కు వాడుకుంటారు తెలిసినవాళ్లు. అన్నిటి మీదా 10 మెగాహెర్ట్జ్ అనే రాసి ఉంటుంది కదా, ఏరేదేముంది? దొరికిన నాలుగూ వెయ్యి. నీ గొంతు ఆ ఫిల్టర్‌లోంచి ముక్కు మూసుకున్నవాడి గొంతయి వస్తుంది. అదో ప్రత్యేకత.

కాయిల్ చుట్టే తీగ కోసం మాత్రం హైదరాబాద్ పోనక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో కాలిన బావి మోటార్లన్నీ వచ్చి చేరే వైండింగ్ షాపులోకి పో. ఎనామిల్ పూసిన రాగితీగ అన్ని గేజీల్లో ఉంటుంది. ఎంత కావాలని ఆ అన్న అడిగితే నీ కాయిల్‌కు కావలసింది రెండు మూరలే అని చెప్పడానికి సిగ్గుపడి కిలో కొను. కొసలు గీకకుండానే అతికించు. ఎనామిల్ కరెంటును ఆపుతుందనేది నిజమే గానీ పైకి మెరిసే జాయింటు ఎంత అందంగా ఉంటుంది! కోర్ల సంగతా? పాడైన కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో పసుపూ తెలుపూ వేసిన గుండ్రటి కోర్లుంటాయి. అవి పవర్ సప్లయికే తప్ప 7 మెగాహెర్ట్జ్‌కు పనికిరావంటారు. రంగు బాగుంటే పెట్టెయ్.

ట్రాన్సిస్టర్ల కాళ్లు కూడా అంతే. బీసీ547 కాళ్ల వరస ఒకటి, బీఎఫ్494 వరస ఇంకొకటి. డేటాషీటు చూడకు. మూడు కాళ్లే కదా, ఎటు పెట్టినా ఐదు రకాలకంటే ఎక్కువ తప్పులు చేయలేవు.

బీఎఫ్494 అన్నాను కాబట్టి ఒక పక్క మాట. దానితో ఒకే ట్రాన్సిస్టర్ ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కట్టడం మన దేశంలో ప్రతి ఎలక్ట్రానిక్స్ పిచ్చోడికీ అక్షరాభ్యాసం. పక్క గది దాకా పోతే చాలని కట్టేది. నువ్వు దానికి ఆంప్లిఫయర్ తగిలించి, మిద్దె మీద యాంటెన్నా పెట్టి ఊరికి సొంత స్టేషన్ నడుపు. 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాల వాళ్ల బ్యాండు మొదలవుతుంది. నీ ట్రిమ్మర్ ఎండకు కాస్త జరిగిందనుకో, పాట శంషాబాద్ పోయే పైలట్‌కు కూడా అందే అవకాశం ఉంది. శ్రోత ఎవరైతేనేం?

పెట్టెకు స్టీలు టిఫిన్ డబ్బా మంచిది. ఐఆర్ఎఫ్510 వీపున ఉన్న లోహపు రేకు దాని డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది. అందుకే మైకా ముక్క అడ్డం పెట్టి హీట్‌సింకుకు బిగిస్తారు. నువ్వు మైకా తీసేసి డబ్బాకే స్క్రూ బిగించు. ఫ్యూజు పోతుంది. పోయిన ఫ్యూజుకు ఏం చెయ్యాలో మనకు చిన్నప్పుడే తెలుసు: లావుపాటి రాగితీగ. కరెంటుకు నాన్న ట్రాక్టర్ బ్యాటరీ ఉండనే ఉంది. దుక్కి దున్నే రోజుల్లో, రాత్రిపూట, చెప్పకుండా ఇప్పుకో. పొద్దున ఐదింటికి ట్రాక్టర్ లేవనప్పుడు నీ సెట్టుకంటే దూరం వినిపించే గొంతు ఒకటుందని తెలుస్తుంది.

లోపాస్ ఫిల్టర్ అని ఒకటి చివర్లో పెట్టమంటారు. 7.1లో నువ్వు మాట్లాడితే నీ సిగ్నల్ నీడలు 14.2లో, 21.3లో కూడా పడతాయి. వాటిని ఆపే కావలి అది. పీకి పారెయ్. లైసెన్సే లేని మనిషికి ఒక్క దెబ్బతో మూడు బ్యాండ్లు!

తీగ ఎక్కడ కట్టాలి

అడుగుల్లో లెక్క: 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ పొడవు వస్తుంది. 7.1కి సుమారు 66 అడుగులు. అంటే నడుమ నుంచి అటు 33, ఇటు 33. ఇది లెక్క ప్రకారం. మన ప్రకారం, ఇంట్లో ఎంత తీగ మిగిలితే అంత. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఐదు దాటి చూపిస్తే మీటరు మీద గుడ్డ కప్పు. యాంటెన్నా మింగలేని పవర్ వెనక్కి తిరిగొచ్చి ఐఆర్ఎఫ్510ను కాల్చేదాకా ఏ దిగులూ ఉండదు.

తొర్రూరు చుట్టుపక్కల తాటిచెట్టును మించిన మాస్టు లేదు. దేవుడిచ్చిన ఎత్తు. అయితే ఆ చెట్టు ఎవరో ఒక గౌడన్న గీసే చెట్టయి ఉంటుంది. ఆయన్ని అడిగితే పొద్దున చెట్టెక్కేటప్పుడు ఆయనే నీ నైలాన్ తాడు పైకి తీసుకుపోయి కట్టేస్తాడు, పైసలు కూడా అడగడు. నీకు రెండు గ్లాసులు పోసినా పోస్తాడు. కాబట్టి అడగకు. రాత్రికి రాత్రే కట్టు. మోకు ముత్తాదు వేసుకుని మసక వెలుతురులో ఎక్కే మనిషికి లొట్టి పక్కన కనపడని తీగ తగిలితే ఆయన తిట్టు వర్ధన్నపేట దాటి వరంగల్‌కు చేరుతుంది. ఏ ఆంప్లిఫయరూ లేకుండా.

కరెంటు తీగల దగ్గర యాంటెన్నా కట్టొద్దని, తెగి పడ్డా గాలికి ఊగినా వాటిని తాకని దూరం ఉండాలని ఒక నియమం ఉంది. 11 కేవీ లైను మీదుగా తీగ విసిరే ప్రయోగాన్ని మాత్రం నేను వివరించను. అది చేసినవాడు రెండో యాంటెన్నా కట్టిన దాఖలా నాకు తెలియదు, సలహా అడగడానికీ మిగలడు.

ఎర్త్ కోసం గొయ్యి తవ్వి, రాగి కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ పోసి, నీళ్లు పోస్తూ ఉండాలి. చెమట పని. పాత పుస్తకాల్లో నల్లా పైపుకు కట్టేయమని సులువు దారి చెప్పారు. అప్పటి పైపులు ఇనుపవి. ఇప్పుడు ఇంటికి నీళ్లొచ్చేది ప్లాస్టిక్ పైపులో. అయినా పుస్తకం పుస్తకమే, కట్టెయ్. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలు రాల్చే గాలివాన మబ్బు పట్టగానే తెలిసినవాళ్లు యాంటెన్నా కేబుల్ పీకి వాకిట్లోకి విసిరేస్తారు. నువ్వు అప్పుడే కూర్చో. పిడుగు వచ్చేముందు హెడ్‌ఫోనులో చిటపటలు చాలా బాగుంటాయి. మొత్తం సలహాల్లో వినమని నేను చెప్పేది ఈ ఒక్కసారే, ఎందుకు చెప్తున్నానో ఆలోచించుకో.

గాలిలోకి వెళ్లాక

ఇద్దరు మాట్లాడుకుంటుంటే నడుమ దూరు. బటన్ నొక్కితే వదలకు. వదిలితే అవతలివాడు మాట్లాడతాడు. లాగ్‌బుక్ రాయకు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో అని రాసుకుంటే రేపు నువ్వు చెప్పుకునే గొప్పలకు కొలత ఏర్పడుతుంది.

ఉపగ్రహాల మీద మోజుంటే హామ్‌శాట్‌ను పిలువు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకుపోయిన 42.5 కిలోల చిన్న ఉపగ్రహం. రేడియో అభిరుచి ఉన్నవాళ్ల కోసమే ఇస్రో కట్టింది. కొద్ది వాట్లు, చేతిలో పట్టుకునే యాంటెన్నా చాలేవి. ఎవరైనా ఎక్కువ పవర్‌తో అరిస్తే ట్రాన్స్‌పాండర్ బలమంతా అతనికే పోయి మిగతావాళ్ల గొంతులు సన్నబడేవి. నువ్వైతే అందుకే వెయ్యి వాట్లు పెట్టేవాడివి. బ్యాటరీ చచ్చి 2014 జులైలో అది మూగబోయింది. అయినా పిలువు. ఎదురు చెప్పని శ్రోత మళ్లీ దొరకడు.

ఆపదలో హామ్ రేడియో పనికొస్తుందని గొప్పగా చెప్తారు. 2004 డిసెంబరులో, పైన చెప్పిన హైదరాబాద్ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. దూరదేశాలవాళ్లకు అరుదైన ఆ దీవుల కాల్‌సైన్ అందించడానికి పోయారు. 26న సునామీ కొట్టింది. ఫోన్లు పోయాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆమె సెట్టు మాత్రం ఉంది. ఆ తర్వాత జరిగిందంతా చూస్తే మన సిద్ధాంతానికి పూర్తిగా విరుద్ధం. ఎవరు బతికున్నారు, ఎవరి కోసం ఎవరు అడుగుతున్నారు, ఆ కబుర్లు విని, అటు నుంచి ఇటు చేరవేసిన పని. ఆ గంటల్లో గొంతుకంటే చెవికి, కాగితానికి, పెన్నుకు పని ఎక్కువ. నీలాంటివాడు ఆ ఫ్రీక్వెన్సీలోకి వచ్చి "హలో, తొర్రూరు నుంచి, నా సిగ్నల్ ఎట్లా ఉంది?" అని అడిగి ఉంటే ఎంత సందడిగా ఉండేది!

సెట్టు అమ్మేటప్పుడు

ఇవన్నీ పాటించాక ఏదో ఒక రోజు అమ్మకానికి పెడతావు. టిఫిన్ డబ్బాను బాగా తుడువు. మాడిన వాసన పోవడానికి రెండు రోజులు ఎండలో పెట్టు. కొనడానికి వచ్చిన తమ్ముడు "అన్నా, దీనిలో ఎవరెవరితోని మాట్లాడినవ్?" అని అడుగుతాడు. ప్రపంచం మొత్తాన్నీ పిలిచాననే చెప్పు, అది నిజమే. వాళ్లేమన్నారని అడిగితే మాట మార్చి టీ తెప్పించు. కాగితం మీద మాత్రం ఇట్లా రాయి: రిసీవర్ భాగం అస్సలు వాడలేదు, కొత్తదాని లెక్కనే ఉంది.